ఆకు నానేదాకా ఆగే పురుగు

(డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థులకు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన పిల్లలకు కుళ్ళిన ఆకుల గురించి చెప్పమని నన్ను పిలిచారు. నిద్ర వస్తే మొహమాటపడకండి. మీ వయసులో నాదీ వెనక బెంచీయే. (నవ్వులు)

అడవిలో ఒక చిన్న వాగు అనుకుందాం. మా శ్రీకాకుళం వైపు గెడ్డ అంటాం. రెండు గట్ల మీదా చెట్లు కమ్ముకుని ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ల మీద ఎండ పడదు. ఎండ లేకపోతే నాచు పెద్దగా పెరగదు. అయినా ఒక రాయి ఎత్తి చూస్తే అడుగున పురుగులు బిలబిలలాడుతుంటాయి. వాటిని తినే చేపలున్నాయి, చేపల్ని తినే పిట్టలున్నాయి. ఇంత సంసారానికి సరుకులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

అమెరికాలో స్టువర్ట్ ఫిషర్, జీన్ లైకెన్స్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు. న్యూ హాంప్‌షైర్ అడవుల్లో బేర్ బ్రూక్ అనే వాగుకి, కిరాణా కొట్టు పద్దు రాసినట్టు, ఏడాది పొడవునా జమాఖర్చు రాశారు. 1973లో అచ్చయింది. వాగులోకి వచ్చే శక్తిలో 99 శాతానికి పైగా బయటి నుంచి వచ్చిందే. రాలిన ఆకులు, విరిగిన పుల్లలు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చెత్త, నేలలోంచి ఊరి వచ్చిన నీళ్లలో కరిగినవి. వాగు సొంత సంపాదన ఒక్క శాతం కూడా లేదు. అంటే వాగు బతుకంతా అడవి పారేసిన దాని మీదే.

పారేసినది అని ఊరికే అనలేదు. చెట్టు మహా లెక్క మనిషి. ఆకు రాల్చే ముందు అందులోని నత్రజని, భాస్వరం సుమారు సగం వెనక్కి లాగేసుకుంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు ఫ్యాన్లు, బల్బులు విప్పుకుపోయినట్టు. మిగిలేవి గోడలు. సెల్యులోజు, లిగ్నిన్, వాటితోపాటు టానిన్లు. టానిన్ అంటే కొత్తదేం కాదు, తోళ్లు పదును చేయడానికి తంగేడు బెరడు వాడతారు చూడండి, ఆ బెరడులో పనిచేసేది అదే. ప్రోటీన్‌ని పట్టుకుని గట్టిగా బిగించేస్తుంది. తోలుకి అది మంచిదే. తిండికి కాదు.

పురుగు వైపు నుంచి చూడండి. పురుగు ఒంట్లో నత్రజని ఒక పాలుంటే కర్బనం ఐదారు పాళ్లుంటుంది. రాలిన ఎండుటాకులో ఒక పాలు నత్రజనికి కర్బనం యాభై పాళ్లు, కొన్ని జాతుల్లో వంద కూడా దాటుతుంది. ఆ ఆకునే తిని ఒళ్లు పెంచుకోవాలంటే బస్తాలకు బస్తాలు నమిలి, అక్కర్లేని కర్బనాన్ని ఏదో ఒక దారిన వదిలించుకోవాలి. పైగా సెల్యులోజుని సొంతంగా కోసే ఎంజైములు చాలా పురుగులకు సరిపడా లేవు. ఎదురుగా తిండి గుట్టలుగా పడి ఉంది, అందులో ఒంటబట్టేది లేదు.

అందుకే పురుగు ఆగుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఆగడం గురించే.

ఆకు నీళ్లలో పడ్డ మొదటి ఒకటి రెండు రోజుల్లో రంగు దిగుతుంది, టీ డికాషన్ దిగినట్టు. కరిగే చక్కెరలు, కొంత టానిన్ బయటికి పోతాయి. కొన్ని రకాల ఆకులు ఈ దశలోనే బరువులో పావు వంతు దాకా పోగొట్టుకుంటాయి. ఉన్న కాస్త రుచి కూడా పోయింది కదా అనిపిస్తుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. నీళ్లలో కొట్టుకొచ్చే శిలీంధ్రాల బీజాలు వచ్చి ఆకుకి తగులుకుంటాయి. శిలీంధ్రం అంటే బూజు అనుకోండి, పచ్చడి మీద పట్టేదానికి దూరపు చుట్టం.

ఈ బీజాల్ని మొదట సరిగ్గా పట్టించుకున్నవాడు ఇంగ్లండులో సెసిల్ టెరెన్స్ ఇంగోల్డ్. లెస్టర్‌లో పనిచేసేవాడు. అక్కడి ఒక చిన్న వాగులో కుళ్ళుతున్న ఆల్డర్ ఆకుల మీద, నీటి నురుగులో వింత ఆకారాలు చూశాడు. 1942లో దాని మీద వ్యాసం రాశాడు. ఆ బీజాలు గుండ్రంగా ఉండవు. చాలావాటికి నాలుగు చేతులు, నాలుగు వైపులకీ చాచి ఉంటాయి. మీకు పల్లేరుకాయ తెలుసా? ఎటు విసిరినా ఒక ముల్లు పైకి, మిగతావి నేలకి. సరిగ్గా ఆ పోలికే. పారే నీళ్లలో గుండ్రటి బీజమైతే దొర్లుకుంటూ పోతుంది. ఇది మూడు కాళ్ల మీద ఆకుని పట్టుకుని నిలబడుతుంది, తాకిన చోట్ల నుంచి మొలకెత్తుతుంది. ఇంగోల్డ్ 2010 దాకా, 104 ఏళ్లు బతికాడు. కుళ్ళిన ఆకుల మధ్య తిరిగితే ఆయుష్షు పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. (నవ్వులు)

ఆల్డర్ అన్నాను కదా, మనకి తెలియని చెట్టే. కానీ దాని వేళ్లలో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే ఫ్రాంకియా అనే బాక్టీరియా మన సరుగుడు వేళ్లలోనూ ఉంటుంది. అందుకే ఆల్డర్ ఆకు మిగతా ఆకుల కంటే కాస్త బలమైనది. వాగు పురుగుల మీద యూరప్‌లో ఏ ప్రయోగం చేసినా ఆ ఆకే తెచ్చుకుంటారు. ఇక మన దేశంలో ఈ నీటి శిలీంధ్రాల మీద 1980ల నుంచి ఓపిగ్గా పనిచేసింది మంగళూరు విశ్వవిద్యాలయంలో కె.ఆర్. శ్రీధర్, కె.ఎం. కావేరియప్ప. పశ్చిమ కనుమల వాగుల్లో నురుగు పట్టుకుని, ఆకులు నానబెట్టి జాతులు లెక్కబెట్టారు. మనవైపు ఎవరైనా చేస్తారేమోనని ప్రతి ఏడూ ఎదురుచూస్తుంటాను. మీలో ఎవరైనా సరే.

ఇప్పుడు అసలు మెలిక. శిలీంధ్రం ఆకుని తిని పెరుగుతుంది, నిజమే. కర్బనం ఆకు నుంచే తీసుకుంటుంది. మరి నత్రజని? ఆకులో అది కొంచెమే మిగిలిందని ఇందాకే చెప్పుకున్నాం. శిలీంధ్రం దాన్ని పారే నీళ్లలోంచి లాక్కుంటుంది. నీళ్లలో కరిగి ఉన్న నైట్రేటు, అమ్మోనియా, ఫాస్ఫేటు ఎంత పలచగా ఉన్నా, నీళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి కదా, పోగేసుకుంటుంది. దాంతో కుళ్ళుతున్న ఆకులో నత్రజని పాలు తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఈ మాట ఇంకోసారి చెప్తాను, పరీక్షలో వస్తుందని కాదు, మనకి అలవాటైన ఆలోచనకి ఇది అడ్డం తిరుగుతుంది కాబట్టి. ఆకు బరువు తగ్గుతోంది, బలం పెరుగుతోంది.

ఇడ్లీ పిండి పులియడంతో దీన్ని పోలుద్దామని నాకూ అనిపించింది. క్లాసులో చాలా ఏళ్లు అలాగే చెప్పాను కూడా. ఆ పోలిక సగమే నిజం. గిన్నెలో పిండికి ప్రోటీన్ మినప్పప్పులోనే ఉంది, బయటి నుంచి ఎవరూ తెచ్చి పోయరు. ఆకుకి పోసేది వాగు. మన రైతులు చేసే పనుల్లో దీనికి దగ్గరగా ఉన్నది ఇంకొకటుంది. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, పట్టా కప్పి, మూడు వారాలు మాగబెడతారు. గడ్డి మెత్తబడుతుంది, నత్రజని చేరుతుంది, పశువు ఇష్టంగా తింటుంది. వాగులో ఇదే పని యూరియా బస్తా లేకుండా జరుగుతోంది.

ఇదంతా ఊహ కాదని చూపించినవాళ్లలో ముందు చెప్పాల్సింది కెనడాలో నరీందర్ కౌశిక్, నోయెల్ హైన్స్. 1971లో వాళ్ల వ్యాసం వచ్చింది. రాలిన ఆకులకి వాగులో ఏమవుతుంది అన్నదే దాని విషయం. రకరకాల ఆకులు నానబెట్టి ప్రోటీన్ కొలిచారు, పెరిగింది. కొన్నింటికి బాక్టీరియాని చంపే మందులు, కొన్నింటికి శిలీంధ్రాల్ని చంపే మందులు వేసి చూశారు. శిలీంధ్రాల్ని ఆపినప్పుడే పెరుగుదల దెబ్బతింది. నీటి జంతువుల ముందు రెండు రకాలూ పెడితే బూజు పట్టి మాగిన ఆకు వైపే వెళ్లాయి. ఆ తర్వాత ఫెలిక్స్ బార్‌లోకర్, బ్రైస్ కెండ్రిక్ గామరస్ అనే చిన్న రొయ్యలాంటి జీవికి ఆకు లేకుండా ఒట్టి శిలీంధ్రమే పెట్టి చూశారు. ఆకు తిన్నప్పటి కంటే చాలా తక్కువ తిని, బాగా పెరిగింది.

1970ల్లో కెన్నెత్ కమిన్స్ అనే ఆయన దీనికి ఒక పోలిక చెప్పాడు. ఆకు బిస్కెట్టు, సూక్ష్మజీవులు దాని మీద రాసిన వేరుశెనగ వెన్న. మన భాషలో చెప్పాలంటే ఎండిన జొన్నరొట్టె మీద వేరుశెనగ పచ్చడి. రొట్టె లేకుండా పచ్చడి చేతికి రాదు, అందుకని రొట్టెతో సహా తినేస్తాం. బలం మాత్రం పచ్చడిలో ఉంది. ఈ పోలిక ఎంత ప్రసిద్ధమైందంటే పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. నాకు దీంతో కొంచెం పేచీ ఉంది. పచ్చడి రొట్టె మీద ఉంటుంది. శిలీంధ్రం ఆకు మీద కాదు, లోపల ఉంటుంది. దారాలు దారాలుగా ఆకు పొరల్లోకి చొచ్చుకుపోతుంది. కొన్ని ఆకుల్లో మొత్తం బరువులో పదో వంతు దాటి శిలీంధ్రమే ఉంటుంది. పైగా అది ఎంజైములు వదిలి కణాల మధ్య జిగురుని కరిగిస్తుంది కాబట్టి రొట్టె కూడా రొట్టెగా ఉండదు, మెత్తబడి కాస్త అరిగేదిగా మారుతుంది. సూక్ష్మజీవుల్లోని కర్బనం ఒక్కటే పురుగు అవసరానికి చాలదని లెక్కలు కట్టినవాళ్లు తర్వాత చూపించారు. అంటే పచ్చడితో బాటు మెత్తబడిన రొట్టె కూడా ఒంటబడుతోంది.

ఆవుతో పోల్చండి, బాగా కుదురుతుంది. ఆవు గడ్డి తింటుందంటాం. నిజానికి దాని పెద్దపొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని తింటాయి, ఆవు ఆ సూక్ష్మజీవుల్ని అరిగించుకుంటుంది. వాగు పురుగుకి ఆ పెద్దపొట్ట ఒంట్లో లేదు. బయట పెట్టుకుంది. వాగే దాని పొట్ట.

ఎవరీ పురుగులు? కాడిస్ ఈగల పిల్లలు, అంటే లార్వాలు. ఇసుక రేణువులో ఆకు ముక్కలో పట్టుతో అతికించి గొట్టంలాంటి గూడు కట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతాయి. స్టోన్‌ఫ్లై పిల్లలు. క్రేన్ ఫ్లై లార్వాలు, ఇవి వేలంత లావున ఉంటాయి, పెద్దయ్యాక మాత్రం కాళ్లు సాగిన దోమల్లా గోడల మీద వాలతాయి. వీటన్నిటినీ కలిపి ష్రెడర్లు అంటారు, ఆకుని చీల్చి తినేవి అని. అన్నీ ఒకే పద్ధతిలో అరిగించుకోవు. క్రేన్ ఫ్లై లార్వా మధ్య పేగులో క్షారగుణం విపరీతం, పీహెచ్ 11 దాకా ఉంటుంది, సబ్బునీటి కంటే ఎక్కువ. అంత క్షారంలో టానిన్ పట్టు వదిలేస్తుంది. తంగేడు బిగించిన ముడిని విప్పినట్టు, ప్రోటీన్ బయటపడుతుంది. వెనక పేగులో దానికి సొంత బాక్టీరియా కూడా ఉంది. ఇంకొన్ని జీవులకు అంత హంగు లేదు. అవి తిన్న ఆకుతో బాటు శిలీంధ్రం ఎంజైములు కూడా కడుపులోకి పోతాయి, అక్కడా కొంతసేపు పనిచేస్తాయి. ఎంజైములు అరువు తెచ్చుకోవడం అన్నమాట.

కొన్ని కాడిస్ లార్వాలు ఇంకా గడుసువి. ఒకే ఆకు మీద ఏ మచ్చలో ఏ శిలీంధ్రం ఉందో చూసుకుని, నచ్చిన చోటే కొరుకుతాయి. ఆఖరి దశకొచ్చిన లార్వా కొవ్వు కోసం వెతుక్కుంటుంది. ఎందుకంటే ఆ తర్వాత గూట్లో ప్యూపాగా పడుకోవాలి, రెక్కలొచ్చాక ఎగరాలి, గుడ్లు పెట్టాలి. పెద్ద ఈగ పెద్దగా ఏమీ తినదు. ఆ ఖర్చంతా లార్వాగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వులోంచే. ఇంకో సంగతి, కీటకాలు స్టెరాల్‌ని సొంతంగా తయారు చేసుకోలేవు. కొలెస్ట్రాల్ కూడా ఒక స్టెరాలే. మనం ఆ పేరు వినగానే టెన్షన్ పడతాం, వాటికి అది తిండిలోంచి రావాలి. శిలీంధ్రంలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఆకులో శిలీంధ్రం ఎంత ఉందో మేము ప్రయోగశాలలో తేల్చేది కూడా ఆ ఎర్గోస్టెరాల్‌ని కొలిచే. ఒకటి మాత్రం ఈ బూజు ఇవ్వలేదు. ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు. అది ఎక్కువగా నాచులో ఒక రకమైన డయాటమ్‌ల నుంచి రావాలి. అందుకే కొమ్మల సందులోంచి కాస్త ఎండ పడి, ఆకు మీద సన్నటి నాచు పొర కడితే పురుగుకి అది పండగ భోజనం.

ఇంతా చేసి, తిన్నదాంట్లో ఒంటబట్టేది కొంచెమే. ఎక్కువ భాగం రెట్టగా బయటికి పోతుంది. ఆ రెట్ట, నమిలి వదిలేసిన తునకలు నీళ్లలో కొట్టుకుపోతుంటే, దిగువన నల్ల ఈగల లార్వాలు తల మీది విసనకర్రల్లాంటి కుచ్చులతో వడబోసి తింటాయి. వల అల్లే కాడిస్ పురుగులు ఉన్నాయి, అవి వల వేసి కూర్చుంటాయి. పై ఊళ్లో పురుగు బాగా తింటేనే కింది ఊళ్లో పురుగుకి భోజనం.

దీన్ని నిజంగా తేల్చడానికి ఉత్తర కరోలినాలో కొవీటా అనే చోట చేసిన పనులు నాకు చాలా ఇష్టం. 1980లో అక్కడ ఒక చిన్న వాగులో బ్రూస్ వాలెస్ బృందం పురుగుమందు వేసి పురుగుల్ని దాదాపు తుడిచేసింది. ఆకులు విరిగిపోయే వేగం పడిపోయింది, దిగువకు పోయే సన్నటి తునకలు కూడా తగ్గాయి. తర్వాత 1993లో తిరగేసి చేశారు. పురుగుల జోలికి వెళ్లకుండా ఇంకో వాగు మీద 170 మీటర్ల పొడవునా వల పందిరి వేసి, గట్ల మీద నుంచి జారకుండా దడి కట్టి, ఆకులు పడనివ్వలేదు. ప్రతి శరదృతువులోనూ వల మీద పడ్డ ఆకులు ఊడ్చుకోవడం! పరిశోధన అంటే సగం పాకీ పనే, ఇప్పుడే చెప్తున్నా. ఫలితాలు 1997లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఆకు తినే పురుగులు తగ్గాయి, వాటి తునకలు తినేవి తగ్గాయి, వీటిని వేటాడేవీ తగ్గాయి. బండల మీద నాచుమొక్కల్లో బతికే వాటికి మాత్రం పెద్దగా తేడా రాలేదు. తర్వాతి ఏళ్లలో ఆ వాగులోని సాలమాండర్ల, అంటే కప్పకి చుట్టమైన బల్లిలాంటి జీవుల, పిల్లల ఎదుగుదల కూడా మందగించిందని చూశారు.

మరి నీళ్లలో ఎరువు ఎక్కువైతే? శిలీంధ్రానికి నత్రజని కావాలన్నాను కదా, పోస్తే ఇంకా మంచిదే అనిపిస్తుంది. కొవీటాలోనే ఎమీ రోస్మండ్ అనే ఆవిడ బృందం వాగుల్లో కొన్నేళ్లపాటు నత్రజని, భాస్వరం కొద్దికొద్దిగా కలిపింది. 2015లో ఫలితం చెప్పారు. ఆకుల నుంచి వచ్చిన కర్బనం వాగులో నిలిచే కాలం సగానికి పడిపోయింది. బూజు చురుగ్గా పెరిగింది, పురుగులు చురుగ్గా తిన్నాయి, ఏడాదంతా రావలసిన గాదె ముందే ఖాళీ. యూరప్‌లో వంద వాగుల్లో చూసినప్పుడు ఇంకో మాట తేలింది. 2012లో వచ్చింది అది. మరీ పేద నీళ్లలోనూ ఆకు నెమ్మదిగానే పోతుంది, ఎరువులతో మరీ పాడైన నీళ్లలోనూ నెమ్మదిగానే పోతుంది. రెండో చోట తినడానికి పురుగులే మిగలవు.

ఇక మనం పొలాల్లో కొట్టే తెగుళ్ల మందులు. బూజు తెగులుకి కొట్టిన మందు వాగులో చేరితే, అది మంచి బూజా చెడ్డ బూజా అని అడగదు. ఆకు బూజు పట్టకుండా శుభ్రంగా ఉంటుంది. పురుగుకి ఆ శుభ్రమైన ఆకుతో పని లేదు.

ఇక్కడితో ఆపి ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక విద్యార్థిని: సార్, మన వాగులు ఎండాకాలం ఎండిపోతాయి కదా. అప్పుడు ఆకులకి ఏమవుతుంది?)

మంచి ప్రశ్న అమ్మా. నేను చెప్పినవన్నీ చల్లటి దేశాల కథలు. అక్కడ ఆకు రాలేటప్పటికి వాగు పారుతూ ఉంటుంది. మనకి శిశిరంలో, ఎండలు ముదిరేటప్పుడు రాలుతుంది, అప్పటికి సగం వాగులు ఇసుకే. ఆకు ఎండు ఇసుక మీద వేగుతూ కూర్చుని, తొలకరి నీళ్లతో ఒక్కసారిగా కదులుతుంది. ప్రపంచవ్యాప్తంగా 212 ఎండిన వాగుల్లో ఇలా పోగైన ఆకుల్ని సేకరించి, తడిపి చూశారు. 2018లో వచ్చిన ఆ అధ్యయనంలో, తడవగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి బోలెడంత కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ఇంకోటి, లుస్ బోయెరో అనే ఆవిడ, ఎంతోమంది కలిసి 22 వాగుల్లో ఒకే ఆల్డర్ ఆకు పెట్టి చూశారు. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఆకు తినే పురుగుల వాటా తగ్గింది, సూక్ష్మజీవుల వాటా పెరిగింది. వేడికి బూజే పని త్వరగా కానిచ్చేస్తుంది. వేడి దేశాల్లో చాలాచోట్ల కాడిస్ పురుగుల పని ఇతర జీవులు చేస్తాయి. తూర్పు ఆఫ్రికా వాగుల్లో పీతలు చేస్తున్నాయి.

(ఒక విద్యార్థి: జామాయిల్ ఆకులు కూడా ఇలాగే మాగుతాయా సార్?)

మాగుతాయి, ఆలస్యంగా. మైనం పూత, నూనె, టానిన్ అన్నీ ఉన్నాయి దాంట్లో. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో జామాయిల్ తోటల మధ్య వాగుల్ని చాలా చూశారు. ఆకు తినే పురుగులు అక్కడ పలచబడ్డాయి. మన తోటల పక్క వాగుల్లో చూడాల్సింది మీరు.

ఎలాగంటారా, ఖర్చు లేని పని. ఉల్లిపాయల సంచి ఒకటి, దోమతెర గుడ్డతో కుట్టిన సంచి ఒకటి. రెండింట్లోనూ ఐదేసి గ్రాముల ఎండుటాకు తూచి వేయండి. కానుగ వేయండి, ఏరుమద్ది వేయండి, జామాయిల్ వేయండి. పెద్ద కన్నాల సంచిలోకి పురుగులు వస్తాయి, దోమతెరలోకి సూక్ష్మజీవులే వస్తాయి. వారానికి, రెండు వారాలకి, నెలకి కొన్ని తీసి, కడిగి, ఆరబెట్టి తూస్తే రెండింటి మధ్య తేడా పురుగులది. సంచుల్ని మాత్రం రాళ్లకి కట్టకండి, గట్టు మీది చెట్టు వేళ్లకి కట్టండి. నేను మొదటిసారి పన్నెండు సంచులు రాళ్లకి కట్టాను. ఒక్క వానకి రాళ్లతో సహా పోయాయి. రెండు నెలల తర్వాత దిగువ ఊళ్లో చేపలు పట్టే ఒకాయన, మీదేనా మాస్టారూ అని ఒక సంచి తెచ్చిచ్చాడు. విప్పితే ఆకు లేదు. ఈనెలు ఉన్నాయి, వాటి మధ్య బలిసిన పీత ఒకటి ఉంది.